మేడ మీద ఎర్ర దుప్పటి

పొద్దున్నే కోడలు మేడెక్కి తీగ మీద ఎర్ర దుప్పటి ఆరేసింది. అది ఉతికిందీ కాదు, తడిసిందీ కాదు. సముద్రంలో ఉన్న మామగారికీ మొగుడికీ అదొక కబురు. ఇంట్లో తుఫాను, ఇటు రాకండి అని. తెల్ల దుప్పటి కనబడితే తుఫాను తీరం దాటిందన్నమాట.

ఈ ఏర్పాటు మామగారిదే. ముప్పై ఏళ్లుగా సముద్రాన్ని లెక్కచేయని మనిషి, ఇంటావిడ గొంతు లేస్తే మాత్రం పిల్లిలా అయిపోతాడు. ఆవిడకి కోపం వచ్చిన రోజు రేవు బయట కొండ వార లంగరేసుకుని, దుర్భిణిలో మేడకేసి చూస్తూ కూర్చుంటాడు. తెల్ల దుప్పటి కనబడ్డాకే పడవ రేవులోకి వస్తుంది. పడవలో రేడియో ఉంది గానీ అది వినడానికే, మాట్లాడటానికి పనికిరాదు.

అత్తగారికి ఇవేవీ పట్టవని అందరి ధీమా. రేడియోలో సముద్ర వాతావరణ వార్తలు మొదలవగానే, ఆ అలల లెక్కలు నాకెందుకే అంటూ కట్టేసేది. ఆవిడ లోకమంతా వంటిల్లు, గిన్నెలు, ఇంటాయన గురక.

ఒక్కటే చిక్కు. ఇల్లు చల్లగా ఉన్న రోజుల్లో కూడా అప్పుడప్పుడు పడవ ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఎర్ర దుప్పటి చూసి ఆగిపోయామనేవాళ్లు. నేను ఆరెయ్యలేదే, పని నుంచి వచ్చేసరికి తీగ ఖాళీగానే ఉందే అని కోడలు బుర్ర గోక్కునేది. నీకు మతిమరుపు అనేవాడు మొగుడు. అయ్యుంటుందిలే అని ఆ పిల్ల సరిపెట్టుకునేది.

ఈసారి గొడవ గిన్నె గురించి. అత్తగారు ముచ్చటపడి కొనుక్కున్న కొత్త స్టీలు గిన్నెని మామగారు పడవలో నీళ్లు తోడటానికి పట్టుకుపోయాడు. మూత కూడా తీసుకెళ్లాడా అని ఆవిడ ఆరా తీసింది. లేదు, వదిలేశారని కోడలు చెప్పింది.

"అయితే ఆ మూత నన్ను నెత్తిన పెట్టుకోమనా?"

అలమర తలుపు దభీమని పడింది. ఇంకేముంది, కోడలు దుప్పటి ఎక్కించి ఐసు ఫ్యాక్టరీకి పనికి పోయింది.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ రేడియోలో చెప్పారు. అల్పపీడనం వాయుగుండమైంది. సాయంత్రానికి గాలి గంటకు డెబ్బై కిలోమీటర్లు దాటుతుంది, అలలు నాలుగు మీటర్లు లేస్తాయి, పడవలన్నీ వెంటనే రేవు చేరాలి.

పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి, వీళ్లది తప్ప. ఒడ్డుకి చేరిన పడవ సరంగు ఒకాయన ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటూ చెప్పాడు.

"మీవాళ్లు కొండ దగ్గరే ఉన్నారమ్మా. రా బావా అని కేకేశాను. సముద్రంలో గాలి సాయంత్రానికి కదా, ఇంట్లో గాలి ఇప్పుడే ఉంది అన్నాడు మీ మామ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కోడలు మాత్రం కొండ వైపు చూసింది. అక్కడ అంతా రాళ్లు. గాలి తిరిగితే లంగరు నిలవదు. పైగా ఆ దుప్పటి తన చేత్తో ఆరేసింది. పరుగున ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మేడ మెట్లెక్కింది. అత్తగారు చూస్తే చూడనీ, తిడితే తిట్టనీ, నిజం చెప్పేద్దామనుకుంది.

తీగ మీద తెల్ల దుప్పటి రెపరెపలాడుతోంది.

గాలికి ఎగిరిపోకుండా రెండు కొసలా గట్టి ముళ్లు. పిట్టగోడ మీద రేడియో, దాని పక్కన అత్తగారు, ఆవిడ చంకలో మడతపెట్టిన ఎర్ర దుప్పటి. దూరంగా వీళ్ల పడవ ముక్కు రేవు వైపు తిప్పింది.

కోడలు ఉన్నచోటే కూలబడింది. పడవ ఎగిరెగిరి పడుతూ రేవు గోడ దాటి లోపలికి వచ్చింది.

"దుప్పట్ల సంగతి మీకు తెలుసా అత్తయ్యా?"

అత్తగారు ఎర్ర దుప్పటిని కోడలి ఒళ్లో పెట్టింది.

"నీకు మతిమరుపేమీ లేదే పిచ్చిదానా, నువ్వు ఆరెయ్యకుండా కనబడ్డ ఎర్ర దుప్పట్లన్నీ, మీ మామగారి గురక లేకుండా ఒక్క రాత్రయినా నిద్రపోదామని నేను ఆరేసినవే."