కనిపించుట లేదు

“ఇంకెంత దూరం?” అంటూ డ్రిల్ మాస్టారు రోడ్డు పక్కన కూలబడ్డాడు.

“రెండు కిలోమీటర్లే బావా. ఆ మలుపు తిరిగితే సముద్రం కనిపిస్తుంది” అన్నాడు వ్యాను నడుపుతున్న బామ్మర్ది.

భార్య దిగి ఆయన బూట్లు విప్పింది. మేజోడు పుండుకి అతుక్కుపోయి ఊడిరానంది. కాళ్ళా అవి! నాలుగు నెలల క్రితం దేశం ఆ చివర బయల్దేరినప్పుడు బడి మొత్తాన్నీ పరుగులు పెట్టించిన కాళ్ళు. ఆమె గోరువెచ్చని నీళ్ళతో తడిపి, మెల్లిగా ఊడదీసి, కొత్త గుడ్డ చుట్టింది. ఇన్నాళ్ళలో ఒక్క పూట విసుక్కుంటే ఒట్టు. ఉంటే ఇలాంటి ఇల్లాలు ఉండాలని దారిపొడుగునా జనం అనుకున్నారు.

వ్యాను వెనక కూతురి ఫొటో ఉంది. ‘కనిపించుట లేదు. వయసు ఇరవై రెండు. ఎడమ చెవి వినపడదు.’ కింద తల్లి ఫోన్ నంబరు. “నడిచే మనిషి ఫోన్లేం ఎత్తుతారు, ఆ పని నాకొదిలేయండి” అని మొదటి రోజే ఆమె బాధ్యత తీసుకుంది.

“ఇవాళ ఎవరైనా చేశారా?”

“ఒకడు చేశాడండీ. పనీపాటా లేనివాడు.”

“మొన్నా అదే అన్నావు!”

“మొన్నటివాడు తాగుబోతు.”

ఆయన పళ్ళు కొరుకుతూ లేచాడు. నేల అయిపోవస్తోంది, పిల్ల జాడ మాత్రం లేదు.

ఒడ్డున ఓ పాతికమంది చప్పట్లు కొట్టారు. విలేకరి ఒకడు ముందుకొచ్చాడు.

“అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయింది సార్?”

“నేనో మాటన్నాను. ఆమాత్రానికే ఇల్లు వదిలేయాలా? వస్తే చాలు, పల్లెత్తు మాట అనను.”

“ఆ చెవి పుట్టుకతోనే అంతా?”

“పదేళ్ళప్పుడు మెట్ల మీంచి పడింది” అన్నాడాయన, గొంతు కాస్త పెంచి.

భార్య నీళ్ళ సీసా అందించింది.

ఆయన అలల్లో మోకాళ్ళ మీద కూర్చుని భోరుమన్నాడు. ఆ ఏడుపు నిజం. కాసేపటికి ఉన్నట్టుండి తలెత్తి భార్యకేసి చూశాడు.

“రోడ్డు తవ్వేశారని నువ్వన్నావని దారిలో ఒక పట్నంలోకి పోకుండా బైపాస్ మీద నడిచాను. అదొక్కటీ వెతకలేదే! పద, వెనక్కి పోదాం.”

ఆమె మొహం పాలిపోయింది.

“ఈ కాళ్ళతోనా? ఇంకో వారం నడిస్తే పాదం తీసేయాలని డాక్టరు చెప్పలేదూ!”

“తీసేయనీ.”

లేవబోయాడు. కాళ్ళు నిలవలేదు. రెండోసారి ప్రయత్నించి తడి ఇసుకలో బోర్లా పడ్డాడు. బామ్మర్ది చంకల కింద చేతులేసి లేపాడు.

“ఇక నా వల్ల కాదే” అన్నాడాయన. “ఇంటికి పోదాం.”

“మళ్ళీ వెతకనంటారా?”

“వెతకను.”

“ఒట్టు?”

“ఒట్టే. నాకిక ఓపిక లేదు.”

తమ్ముడు బావని వ్యాను ఎక్కిస్తుంటే ఆమె దూరంగా నడిచి, అందరికీ వీపు పెట్టి నిలబడింది. పాపం, కన్నతల్లి కదా, తనివితీరా ఏడవనివ్వండి అని జనం పక్కకి తప్పుకున్నారు.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుంది.

“నాన్న ఇక రాడు తల్లీ, తలుపు తీసుకో.”