అమ్మమ్మ ఎడమ కొమ్ము

గేదెలకు పాతవి గుర్తుండవని ఎవరన్నారో గానీ, వాళ్లు కాటుక అనే గేదెను చూసి ఉండరు. అది రోజూ అడవి మడుగులో మునిగి వాళ్లమ్మనే తలుచుకునేది. పులితో పోరాడినప్పుడు అమ్మ ఎడమ కొమ్ము సగానికి విరిగిందట. కాటుక పుట్టేసరికి మిగిలింది ఆ మొండి కొమ్మే. చిన్నప్పుడు దానికి తల రుద్దుకుంటేనే నిద్ర పట్టేది.

ఇప్పుడు కాటుక పెయ్యకు కొమ్ములొచ్చాయి. ఎడమది సగంలో ఆగుతుందని కాటుక ఆశగా చూసింది. ఆగలేదు. రెండూ నిండుగా పెరిగి వెనక్కి ఒంపు తిరిగాయి.

"నాకెలాగూ రాలేదు. నీకైనా అమ్మమ్మ పోలిక వస్తుందనుకున్నానే!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

తల్లి ఏడుపు పెయ్య చూడలేకపోయింది. "ఏడవకే అమ్మా, ఇప్పుడే విరగ్గొట్టుకుంటా" అంటూ పక్కనున్న బండ మీదికి ఉరికింది.

"ఆగవే పిల్లా!" మడుగులోంచి ముసలి తాబేలు అరిచింది. "కాటుకా, నీకేమైనా మతి పోయిందా? మీ అమ్మ కొమ్ము విరిచింది పులి. పులి చేసిన గాయం కడుపున పుట్టినవాళ్లకు ఎలా వస్తుందే? నీవి మీ నాన్న కొమ్ములు. దీనివి మీ అమ్మవి. పులి రాకముందు ఆమె ఇక్కడే నీళ్లు తాగేది, నేను చూశాను. ఇదే ఒంపు. కొన ఇలాగే చెవి వైపు వాలేది."

కాటుక తన పెయ్య ఎడమ కొమ్మును మొదలునుంచి నాకసాగింది. సగం దాకా తనకు తెలిసిన అమ్మే. అక్కడ నాలుక ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా, తను ఎన్నడూ చూడని అమ్మను కొనదాకా నాకింది.