క్లచ్చి కాలు

“కాలొచ్చింది,” అని మంచం మీద నుంచి పిలిచాడు పెద్దాయన.

వంటింట్లో ఉన్న భార్య ఆయాసపడుతూ వచ్చి మంచం చివర కూలబడింది. ఆయన ఎడమ మోకాలి కింద ఖాళీగా ఉన్న దుప్పటిని, అక్కడ పాదం ఉన్నట్టే మెల్లగా నొక్కసాగింది. కాసేపటికి ఇద్దరి ముఖాలూ తేటపడ్డాయి.

ముప్ఫయ్యేళ్లు బస్సులో క్లచ్చి తొక్కిన కాలు అది. షుగరు పుండు ముదిరి తీసేసి రెండేళ్లయింది. లేని కాలు నొప్పి పెట్టడాన్ని ఆ ఇంట్లో ‘కాలు రావడం’ అంటారు.

ఇదంతా పక్కనుంచి చూస్తున్న ఫిజియోథెరపీ అమ్మాయి ఆ రోజు అద్దం మోసుకొచ్చింది. కాలు పోయిన కబురు మెదడుకి ఇంకా అందలేదనీ, ఉన్న కాలిని అద్దంలో చూపిస్తే రెండూ క్షేమమేననుకుని నొప్పి మానుతుందనీ నచ్చజెప్పింది.

“నా మెదడుని నేనే మోసం చెయ్యనా? వద్దులేమ్మా,” అన్నాడాయన.

భార్య బతిమాలింది. రోజుకి నాలుగైదుసార్లు ఆ బాధ చూడలేకపోతున్నానంది.

“రేపు నేను ముందు పోతే మీ కాలెవరు పడతారండీ?”

“అందుకేగా నిన్ను పోనివ్వంది.”

ఆవిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు తెస్తానని లేచింది.

అమ్మాయికి ఒళ్లు మండింది. ఇందాక కాలొచ్చిందన్నప్పుడు ఆయన నుదురైనా ముడిపడలేదు. అదే నిలదీసింది.

“నిజం చెప్పండి తాతగారూ. నొప్పి ఎప్పుడు తగ్గింది?”

ఆయన గుమ్మం వైపు చూసి, అద్దం అక్కర్లేకుండానే తగ్గిపోయి ఏడాదైందని ఒప్పుకున్నాడు.

“మరి పాపం, ఆ వయసులో మామ్మగార్ని అలా పరుగులు పెట్టించి సేవలు చేయించుకోడానికి మనసెలా వస్తోంది?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ఆయన ఇంజను శబ్దం వినే డ్రైవరులా అటు చెవి ఒగ్గాడు.

“ఏమేవ్, కాలొచ్చింది,” అని కేకేశాడు.

మళ్లీ మొదలెట్టారా అన్నట్టు అమ్మాయి గుర్రుగా చూసింది. భార్య అడుగులు గుమ్మం చేరేలోగా ఆయన గొంతు తగ్గించాడు.

“దాని గుండె మిస్సింగు కొడుతున్నా, ఊరికే కూర్చోమంటే కూర్చోదమ్మా.”