మే నెల ప్లాట్లు

మెదక్ ఎండల్లో కోటు వేసుకునేది ఇద్దరే: పెళ్లికొడుకు, రియల్ ఎస్టేట్ ఏజెంటు. పెళ్లికొడుకైనా సాయంత్రానికి విప్పేస్తాడు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఏజెంటు భూపాల్ మీద ఒక్క కేసూ నిలవలేదు. అది నిజాయితీ మహిమ కాదు, వీడియో మహిమ. అడ్వాన్సు తీసుకునే ముందు ప్రతివాళ్ల చేతా ఫోన్‌లో చెప్పిస్తాడు: "అన్ని చూసుకున్న, నాకు ఏం కంప్లయింట్ లేదు." వానాకాలంలో ప్లాటు మునిగి లబోదిబోమన్నా, ఆ వీడియో చూపించి బయటపడతాడు. ప్లాట్లు మాత్రం మే నెలలోనే చూపిస్తాడు మహానుభావుడు.

ఈ మేలో ఎల్లం వచ్చాడు. చెరువు పక్కన, ఎండకు పగిలి పర్రెలు తేలిన నేల మీద నిలబెట్టి భూపాల్ ఫోన్ తీశాడు.

"చెప్త గని సారూ, మా ఇంటామె నమ్మది. ముందుగాల నా ఫోన్ల నువ్వు చెప్పు, ఈడికి నీళ్లు రావని."

"గంతేనా కాకా?" భూపాల్ తన పేరు, ప్లాటు నంబరు చెప్పి మరీ పలికాడు: "ఎంత వానొచ్చినా ఈడ ఏ ప్లాట్ల గూడ చుక్క నిలువది. గ్యారంటీ నాది."

ఎల్లం ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"మరి అడ్వాన్సు?"

"నేను చేపలు పడ్త సారూ. నిరుడు దసరాకు గీడనే వల ఏసిన."

భూపాల్ తెల్లబోయాడు. "మరి కొననీకి ఎందుకొచ్చినవ్?"

"కొననీకి ఎవడొచ్చిండు? గా పక్క ప్లాటు మా అక్కది. అన్ని చూసుకున్ననని చెప్పిందని ఆమె కేసు కొట్టేసిండ్రు. గిప్పుడు పైకోర్టుల నీ మాట గూడ ఇనిపిస్త."