ముందుకు వెళ్ళమంటారా?

“అమ్మాయ్, నీకు దండం పెడతాను, ఏదో ఒకటి చెయ్యి. లోపలున్నది నెలలు నిండిన మనిషట. వాచ్‌మన్ చెప్పాడు.”

ఫోన్లో మెకానిక్ బతిమాలాడు. ఆయన ఒక అపార్ట్‌మెంటు పైన, లిఫ్ట్ మోటారు గదిలో ఉన్నాడు. లిఫ్టేమో రెండంతస్తుల మధ్య, ఎదురుగా గోడ తప్ప మరేమీ లేని చోట ఆగిపోయింది. చేత్తో బ్రేకు విప్పే మీట తుప్పుపట్టి ఆయన చేతిలోనే విరిగింది. ఫైరింజను ట్రాఫిక్‌లో ఎక్కడో ఇరుక్కుంది.

“చేస్తున్నా బాబాయ్, కంగారుపడకండి,” అందామె.

ఇద్దరిదీ ఒకే లిఫ్టుల కంపెనీ. ఆయన లిఫ్టులు బిగిస్తాడు, ఆమె వాటికి ప్రోగ్రాం రాస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. బాబాయ్, అమ్మాయ్ అనే వరసలన్నీ ఫోన్లోనే కలిశాయి.

తప్పెక్కడుందో ఆమెకు లీలగా తెలుసు. పొద్దున కంపెనీ పంపిన కొత్త ప్రోగ్రాం, లిఫ్ట్ నడుస్తుండగా అమల్లోకొచ్చి, మూసి ఉన్న తలుపును తెరిచి ఉందనుకుంటోంది. తలుపు తెరిచుంటే లిఫ్ట్ చచ్చినా కదలదు. ఆ భాగం రాసిన సీనియర్ ఇప్పుడు విమానంలో ఉన్నాడు. ఆ మహానుభావుడి రాత ఆయనకే అర్థం కావాలి.

మిగిలింది ఒక్కటే దారి. కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకుణ్ణి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోమని ఆఫీసువాళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరినా, “నా కోడ్ నేను రాసుకోలేనా” అని ఇన్నాళ్ళూ మొండికేసింది. ఇప్పుడు ఆ మొండితనమంతా ఎటుపోయిందో. టెర్మినల్ తెరిచి, ఇన్‌స్టాల్ చేసే ఆదేశం కొట్టి, ఎంటర్ నొక్కింది.

సిగ్నల్ అంతంత మాత్రం. డౌన్‌లోడ్ నత్తనడక నడిచింది, ఆగింది, మళ్ళీ కదిలింది. నేల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, దేవుడా దేవుడా అనుకుంటూ తెరనే చూసింది. చెమట కళ్ళలోకి కారుతోంది.

మొత్తానికి అది లేచింది. లేస్తూనే అడిగింది: ఈ ఫోల్డర్‌లోని ఫైళ్ళను మీరు నమ్ముతున్నారా?

నమ్మక చచ్చేదెక్కడికి అనుకుంటూ అవునని కొట్టింది.

తర్వాత తెలుగులోనే టైపు చేసింది. ఇంగ్లీషు వెతుక్కునే ఓపిక ఆ క్షణంలో ఎవరికుంటుంది? ‘తలుపు మూసే ఉంది. ప్రోగ్రాం తెరిచుందంటోంది. ఎందుకో చూడు. లోపల మనిషి ఉంది.’

అది ఫైళ్ళన్నీ చకచకా తిరగేసి జబ్బేమిటో పట్టేసింది. తలుపు దగ్గరి సెన్సర్ పంపే సంకేతాన్ని కొత్త ప్రోగ్రాం తలకిందులుగా చదువుతోందట. హమ్మయ్య అనుకునేలోపే మందు కూడా చెప్పింది: తలుపు తనిఖీని తీసేస్తాను. ముందుకు వెళ్ళమంటారా?

తనిఖీ తీసేస్తే, తలుపు నిజంగా తెరుచుకున్నా లిఫ్ట్ పోతూనే ఉంటుంది. వద్దని కొట్టింది. ‘తనిఖీ ఉండాల్సిందే. చదవడం ఒక్కటే సరిచెయ్యి. నెమ్మదిగా కింది అంతస్తుకు దించి తలుపు తెరువు.’

“అమ్మాయ్, ఇందాక పైనుంచి కేకేశాను. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. స్పృహ తప్పిందేమో.”

“అరిచే ఓపిక లేదేమో బాబాయ్. కేకలేసి ఆవిణ్ణి ఇంకా హడలగొట్టకండి.”

“ఎవరింటి పిల్లో పాపం. ఎవరో తెలియకపోవడమే నయం. తెలిసిన మనిషైతే నాకు చేతులాడవు.”

ఆమె పళ్ళు బిగబట్టి, కాసేపటికి ఊపిరి వదిలి, మళ్ళీ కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది.

మార్చిన ప్రోగ్రాంను ముందు ల్యాప్‌టాప్‌లోనే, ఉత్తుత్తి లిఫ్ట్ మీద నడిపి చూడమంటారా అని అడిగిందది. చూడమంది. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఆ ఉత్తుత్తి లిఫ్ట్ అంతస్తు దగ్గర ఆగకుండా కిందికి వెళ్ళిపోయింది.

తొందరపడి పంపేసి ఉంటే? ఆ తర్వాత ఏమయ్యేదో ఊహించడానికి కూడా ధైర్యం చాల్లేదు.

బ్రేకు ఎప్పుడు పట్టాలో చెప్పడం మరిచానని ఒప్పుకుని, అది తన రాతను దిద్దుకుంది. మళ్ళీ నడిపింది. ఈసారి ఆగింది. ఇంకో అంతస్తు నుంచి నడపమందామె. అక్కడా ఆగింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. మార్చిన కోడ్ వరసలన్నీ పెదాలు కదుపుతూ, బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు చదువుకుంది. తప్పేమీ కనిపించలేదు. కనిపించకపోతే తప్పు లేనట్టా? ఏమో.

“పంపేశాను బాబాయ్.”

“వచ్చిందమ్మాయ్. ఇక్కడ పచ్చదీపం వెలిగింది.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఇంక ఆ మాట అడగాలి నేను.”

ఆ కంపెనీలో అదొక పద్ధతి. కొత్త ప్రోగ్రాంతో లిఫ్ట్‌ను కదిలించే ముందు, రాసినవాళ్ళను మెకానిక్ ఒక ప్రశ్న అడగాలి. జవాబు చెవిన పడకుండా బటన్ మీద వేలు పెట్టకూడదు.

“అడగండి.”

“నీ ఇంటి మనిషే లోపల ఉన్నా, ఇదే పంపుతావా?”

ఆమె తెర వంక ఒకసారి చూసింది.

“ఇదే పంపుతాను బాబాయ్. నొక్కండి.”

ఫోన్ పక్కన పెట్టి, నిండు కడుపును రెండు చేతులతో పొదువుకుని, ఆమె ఆ లిఫ్ట్ గోడకు వీపు ఆనించింది.