లేనా నదిలో పైలట్

"చేపలు పట్టుకునేదాన్ని పైలట్‌గా పంపారేంటి?" ఉత్తర ధ్రువ సముద్రం నుంచి బొగ్గుతో లేనా నదిలోకి మళ్లిన ఓడ మీద కెప్టెన్ జిల్త్సోవ్ అందరూ వినేలా అన్నాడు.

ఓడకు నదిలో దారి చూపే పైలట్‌గా ఎక్కిన క్యున్నెయ్ నేరుగా చుక్కాని గదిలోకి నడిచింది. మూడు రోజులూ "ఎడమకి", "నెమ్మదిగా" తప్ప ఆమె నోట మరో మాట లేదు. అతను పంపిన టీ ముట్టుకోలేదు. ఇసుకమేటల మధ్య నుంచి ఓడను ఎక్కడా తగలనివ్వకుండా నడిపించి, తన ఊరి రేవుకు చేర్చింది.

బొగ్గంతా దించాక సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" కెప్టెన్ అడ్డొచ్చాడు. "మమ్మల్ని మళ్లీ సముద్రంలోకి దాటించాలిగా!"

"పోయిన సెప్టెంబరులో, నది సముద్రంలో కలిసేచోట, ఇంజను చెడిన పడవలోంచి ఒకడు చొక్కా ఊపాడు. గుర్తుందా?"

అతని ముఖం పాలిపోయింది. "మంచు తరుముకొస్తోంది. ఆగితే ఓడ ఇరుక్కుపోయేది."

"వాడు నా తమ్ముడు. చొక్కా చేతిలో పట్టుకునే గడ్డకట్టి దొరికాడు."

"మరి ఇక్కడిదాకా ఎందుకు తెచ్చావ్?"

"చలికి మా ఊళ్లో పొయ్యిలు వెలగొద్దూ? నీ కోసమనుకున్నావా?"

ఆమె నిచ్చెన దిగిపోయింది. మరో పైలట్ రావడానికి వారం పడుతుంది. ఒడ్డు పక్క నీళ్లు ఆ పొద్దుటి నుంచే గడ్డకడుతున్నాయి.