మాబు సాహెబ్ ముక్కు

“సెన్సర్ పెట్టించుకోమంటారా? ఆ మాట మీరంటున్నారా సాహెబ్ గారూ?” చైతన్యకృష్ణ కారు బానెట్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

“నేనే అంటున్నా. కంపెనీది తీసేసి ఇంజన్‌కి బయట కంప్యూటర్ కొని పెట్టుకున్నావు. పొగలో పెట్రోలు ఎక్కువుందో, తక్కువుందో దానికి ఎవరు చెప్పాలి మరి?”

“మీరే చెప్పాలి! సైలెన్సర్ దగ్గర వాసన చూసి చెప్పేస్తారనేగా గుంటూరు నుంచి పొదిలి దాకా వచ్చింది. మీరు చెప్తూ ఉంటే నేను లాప్‌టాప్‌లో సరిచేసుకుంటా.”

“ముక్కులకి కాలం చెల్లిందబ్బాయ్,” అని మాబు సాహెబ్ కారు కిందకి దూరాడు.

కాలం చెల్లింది ముక్కులన్నిటికీ కాదు, ఆయన ఒక్కడి ముక్కుకే. కరోనా జ్వరం తగ్గింది గానీ, దాంతో పోయిన వాసన మళ్ళీ రాలేదు. ఆ ముక్కే ఆయన మెకానిక్ షెడ్డుకి బోర్డు. అది పోయిందని తెలిస్తే ఇంత దూరం ఎవరొస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో జోహరాబీకి కూడా చెప్పలేదు. ఎవరికీ అనుమానం రాలేదు కూడా. పక్క కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తే అందరితోపాటు ఆయనా తుమ్ముతాడు, కళ్ళు తుడుచుకుంటాడు. ఘాటుకి వాసనతో పనిలేదు. అంతలా తుమ్మే ముక్కు పనిచేయడం లేదంటే ఈ మిరప సీమలో ఎవరు నమ్ముతారు?

ఘాటు మిగిలింది, వాసనలే పోయాయి. పెట్రోలు వాసన, తొలి వాన పడ్డ నల్లరేగడి వాసన, జోహరాబీ తలలో సన్నజాజుల వాసన. తలుచుకుంటే చెప్పకుండా ఊరొదిలి వెళ్ళిపోయిన మనుషుల మీద బెంగపడ్డట్టు ఉండేది. ఒక్కోసారి ఎవరూ చూడకుండా పెట్రోలు గుడ్డని ముక్కుకి ఆనించుకుని కూర్చునేవాడు. చల్లగా తగిలేది, అంతే.

సైలెన్సర్ గొట్టానికి చిల్లి పెట్టి, నట్టు వెల్డింగ్ చేసి, సెన్సర్ బిగించాడు. దాని మీటరు స్టీరింగ్ పక్కన అతికించి, వైర్లు కంప్యూటర్‌కి కలిపాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే మీటరు ఒక అంకె చూపించింది, లాప్‌టాప్ ఇంకోటి చూపించింది.

“ఇదుగో, ఇందుకే నాకు మీ ముక్కంటేనే నమ్మకం,” అన్నాడు చైతన్య.

“తప్పు దానిది కాదు, నాది. ఎర్త్ వైరు బాడీకి ఇచ్చేశా. కంప్యూటర్ ఎర్త్ ఎక్కడుందో దీనిదీ అక్కడే ఉండాలి.”

వైరు మార్చాడు. రెండు అంకెలూ ఒకటయ్యాయి. చైతన్య లాప్‌టాప్‌లో పెట్రోలు సరిచేయగానే ఇంజన్ కుదుటపడింది. మాబు సాహెబ్ మాత్రం ఆ మీటరు వంకే చూస్తూ ఉండిపోయాడు. బొటనవేలంత ఇనప ముక్క. దానికి కూడా తెలుస్తోంది! ఆయనకి దాని మీద అసూయ పుట్టింది.

“సాహెబ్ గారూ, ఒక్క ముచ్చట తీర్చండి.” చైతన్య లాప్‌టాప్ తెర తనవైపుకి తిప్పుకుని ఏదో నొక్కాడు. “ఇప్పుడు పెట్రోలు ఎంతుందో వాసన చూసి చెప్పండి. మావాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకోవాలి.”

ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుందామనుకునేలోపు జోహరాబీ అన్నం క్యారేజీతో రానే వచ్చింది. “చెప్పవయ్యా! అబ్బాయి అంత ముచ్చట పడుతుంటే బెట్టేంటి?” అని నవ్వుతూ సైలెన్సర్ పక్కనే నిలబడింది.

మాబు సాహెబ్ మోకాళ్ళ మీద కూర్చుని గుండెల నిండా పీల్చాడు. ఒక్కసారి రా, ఈ ఒక్కసారికి రా అని లోపల బతిమాలుకున్నాడు. వెచ్చటి గాలి వచ్చింది, ఇంకేమీ రాలేదు.

“సరిగ్గానే ఉంది. నువ్వేమీ మార్చలేదు,” అన్నాడు పైకి.

చైతన్య ముక్కుకి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు తీశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, “కరెక్ట్! ఏమీ మార్చలేదు. మిమ్మల్ని బోల్తా కొట్టించడం ఎవరి తరం!” అన్నాడు.

లాప్‌టాప్ తిప్పుకున్న అబ్బాయి మీటరు సంగతి మరిచిపోయాడు. లేచి నిలబడేసరికి కారు అద్దంలోంచి దాని మీద అంకె మాబు సాహెబ్‌కి కనపడింది. పెట్రోలు బాగా ఎక్కువగా ఉంది. తన పరువు కోసం అబద్ధమాడిన కుర్రాడి మొహం చూడలేక, తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు.

కారు వెళ్ళిపోయాక జోహరాబీ క్యారేజీ విప్పుతూ అడిగింది. “అంత బాగా చెప్పావుగా, మొహం అట్లా పెట్టావేం?”

“నాకు వాసన తెలియదు జోహరా. ఆ జ్వరం వచ్చినప్పటి నుంచీ ఏ వాసనా తెలియదు.”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. “మరి కూర మూత తీసినప్పుడల్లా ఘుమఘుమలాడుతోందంటావే?”

“రెండు పూటలా పొయ్యి దగ్గర మాడిపోతావు. తెలియడం లేదని నీతో ఎట్లా చెప్పమంటావు?”

జోహరాబీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏడవకే. ముక్కొక్కటేగా పోయింది, మనిషిని బాగానే ఉన్నాగా!”

“అందుక్కాదయ్యా. ఆ జ్వరంలోనే నాకూ పోయింది. నువ్వు బాగుందంటున్నావు గదా అన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ వండుతున్నా!”